తీగల మెష్‌తో రేడియో తరంగాలు ఎంతవరకు ఆగుతాయి? గడి సైజు, తీగ లావు, ఎర్త్ – ఏది ఎంత ముఖ్యం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఒక మీటరు ఘనం చట్రానికి 12 మి.మీ. గడుల వెల్డ్ మెష్ బిగించారు, తీగ మందం 1.6 మి.మీ. లోపల సెన్సార్ యాంప్లిఫయర్ పెట్టి చిన్న సిగ్నళ్లు కొలవాలి. "గడి తరంగదైర్ఘ్యంలో పదో వంతుకు మించకపోతే చాలు" అని ఎక్కడో చదివారు. వైఫై తరంగదైర్ఘ్యం 12 సెం.మీ. పైచిలుకు కాబట్టి లెక్క సరిపోయిందనుకున్నారు. తీరా చూస్తే లోపల పెట్టిన ఫోన్‌లో వైఫై −45 నుంచి −60 డీబీఎమ్‌కి (సిగ్నల్ బలాన్ని ఒక మిల్లీవాటుతో పోల్చి చెప్పే అంకె) దిగిందే తప్ప కనెక్షన్ తెగలేదు. యాంప్లిఫయర్‌లో 50 హెర్ట్జ్ హమ్ (మెయిన్స్ కరెంటు నుంచి వచ్చే గుంయ్ మనే చప్పుడు) కూడా అలాగే ఉంది. ఇంకా లావు తీగ మెష్ కొనాలా, ఎర్త్ సరిగ్గా తగల్లేదా అని మీ సందేహం.

సూటిగా చెప్పాలంటే మీ పంజరంలో లోపమేమీ లేదు. ఆ మెష్ 2.45 గిగాహెర్ట్జ్ (వైఫై) దగ్గర ఇవ్వగలిగిందే 15 డీబీ (డెసిబెల్, సిగ్నల్ ఎంత తగ్గిందో చెప్పే కొలత). మీరు కొలిచిందీ 15 డీబీయే. మీకు కావలసింది లావు తీగ కాదు, చిన్న గడి. ఎర్త్‌కీ వైఫై ఆగడానికీ సంబంధం లేదు. 50 హెర్ట్జ్ హమ్‌లో అయస్కాంత క్షేత్రం వల్ల వచ్చే భాగాన్ని ఏ రాగి మెష్షూ ఆపదు, దాని మందు వేరు. కొత్త మెష్ కొనేముందు తలుపు అంచులూ, లోపలికి వెళ్లే కేబుళ్లూ ఒకసారి చూసుకోండి. అవి సరిగ్గా లేకపోతే ఎంత మంచి మెష్ వేసినా ఫలితం కనబడదు.

ఇక కారణాలు. కాస్త వివరంగానే రాస్తాను, ఎందుకంటే ఈ "పదో వంతు" సూత్రాన్ని నమ్ముకుని కట్టిన పెట్టెలు నా దగ్గరికి తరచూ వస్తుంటాయి.

పదో వంతు అన్నది గేటు కాదు. అంతకంటే పెద్ద గడి అయితే తరంగం దూరుతుంది, చిన్నదైతే ఆగిపోతుంది అన్నట్టు దాన్ని అర్థం చేసుకుంటారు. అలాంటి హద్దు ఎక్కడా లేదు. గడి చిన్నదయ్యేకొద్దీ లీకేజీ కూడా అదే నిష్పత్తిలో మెల్లగా తగ్గుతుంది, అంతే. రేకులో ఒక్క సందు ఉన్నప్పుడు వాడే ముతక లెక్క ఉంది: తరంగదైర్ఘ్యాన్ని సందు పొడవుకు రెట్టింపుతో భాగించి డీబీలోకి మార్చడం. సందు పొడవు తరంగదైర్ఘ్యంలో సగమైతే వచ్చేది సున్నా. పదో వంతైతే 14 డీబీ, ఇరవయ్యో వంతైతే 20, నూరో వంతైతే 34. పదో వంతు దగ్గర ప్రత్యేకంగా ఏమీ జరగదని ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది. కాబట్టి "గడి ఎంత ఉండాలి" అని అడిగేముందు "నాకు ఎన్ని డీబీ కావాలి" అని తేల్చుకోవాలి. అది తేలకుండా మెష్ ఎంచుకోవడం గుడ్డిగా కొనడమే.

20 డీబీ అంటే క్షేత్రం పదో వంతుకు, శక్తి నూరో వంతుకు తగ్గడం. మీ 15 డీబీ అంటే శక్తి ముప్పయ్యో వంతు చిల్లరకు తగ్గింది. వినడానికి పెద్ద తగ్గింపులా ఉంటుంది. కానీ వైఫై రిసీవరు −80 డీబీఎమ్ దగ్గర కూడా పనిచేయగలదు. −60 దానికి హాయిగా సరిపోతుంది.

తీగలు అసలేం చేస్తాయి? వచ్చే తరంగపు విద్యుత్ క్షేత్రం తీగ పొడవునా ఉన్నప్పుడు తీగలో కరెంటు నడుస్తుంది. ఆ కరెంటు మళ్లీ రెండు వైపులా తరంగాన్ని వెలువరిస్తుంది. అవతలి వైపు వెళ్లేది అసలు తరంగానికి ఎదురుగా ఉండి దాన్ని దాదాపు రద్దు చేస్తుంది. ఇవతలి వైపు వచ్చేది మనకు పరావర్తనంగా కనిపిస్తుంది. అంటే మెష్ శక్తిని మింగదు, తిప్పి పంపుతుంది. రద్దు పూర్తిగా ఎందుకు జరగదంటే ప్రతి తీగకూ ఇండక్టెన్స్ (మారే కరెంటును అడ్డుకునే గుణం) ఉంటుంది. తీగ చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రం సందుల్లోంచి అవతలికి జొరబడుతుంది. తీగల మధ్య ఎడం పెరిగితే ఈ ఇండక్టెన్స్ పెరుగుతుంది, తీగ సన్నబడితే కూడా కొంచెం పెరుగుతుంది. లీకేజీ మొత్తం దాదాపుగా దీన్నుంచే వస్తుంది.

కాగితం మీద లెక్క ఇలా వేస్తాను. ఎడాన్ని తీగ చుట్టుకొలతతో భాగించి సహజ లాగరిథమ్ తీసుకోండి. దాన్ని ఎడంతో, ఆపైన 2తో గుణించండి. తరంగదైర్ఘ్యాన్ని ఆ వచ్చినదానితో భాగిస్తే క్షేత్రం సుమారు ఎన్నో వంతుకు తగ్గుతుందో తెలుస్తుంది. మీ మెష్‌కి చుట్టుకొలత 5 మి.మీ., ఎడం 12, లాగ్ విలువ 0.87. తరంగదైర్ఘ్యం 122 మి.మీ. భాగిస్తే 5.9 వస్తుంది. అంటే క్షేత్రం ఆరో వంతు, దాదాపు 15.5 డీబీ. ఇదే మెష్ 100 మెగాహెర్ట్జ్ దగ్గర 43 డీబీ ఇస్తుంది, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 23, వైఫై 5.5 గిగాహెర్ట్జ్ దగ్గర తొమ్మిదికి పడిపోతుంది. ఎఫ్‌ఎమ్ రేడియో మీ పంజరంలో మూగబోయి, వైఫై మాత్రం దర్జాగా నడవడంలో వింతేమీ లేదు.

ఈ సూత్రం తరంగం ఎదురుగా వచ్చి తగిలినప్పటిది, ఎడం తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నగా ఉన్నప్పటిది. తీగలు బాగా దగ్గరపడి చుట్టుకొలత ఎడంతో సమానమైపోతే లాగ్ సున్నా అవుతుంది, లీకేజీయే లేదన్నట్టు జవాబొస్తుంది. దాన్ని నమ్మకండి, సూత్రం పనిచేసే హద్దు అక్కడితో అయిపోయింది. అయితే ఆ "చుట్టుకొలత = ఎడం" షరతుకు వేరే ఉపయోగముంది. యాంటెన్నాల సాఫ్ట్‌వేర్‌లో రేకుకు బదులు తీగల గ్రిడ్ గీసేటప్పుడు తీగ లావును ఆ లెక్కనే పెడతారు.

లావు తీగ ఎందుకు వద్దన్నానంటే, తీగ లావు ఆ లాగరిథమ్ లోపల దాక్కుని ఉంది, ఎడం మాత్రం బయట నేరుగా గుణిస్తోంది. 10 మి.మీ. ఎడంలో 0.1 మి.మీ. తీగలున్నాయనుకోండి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర 33 డీబీ వస్తుంది. తీగ మందం రెట్టింపు చేస్తే లోహం నాలుగింతలవుతుంది, లాభం 2 డీబీ. అదే సన్న తీగతో ఎడం సగం చేస్తే లోహం రెండింతలే, లాభం 8 డీబీ.

మీ విషయంలో ఇంకా మంచి లెక్క ఉంది. మీ మెష్‌నే అన్ని కొలతల్లోనూ ఎనిమిదో వంతుకు కుదించామనుకుందాం: 1.5 మి.మీ. గడి, 0.2 మి.మీ. తీగ. నిష్పత్తి మారలేదు కాబట్టి లాగ్ విలువ అదే 0.87. ఎడం ఎనిమిదో వంతైంది కనుక షీల్డింగ్ 18 డీబీ పెరిగి 33 దాటుతుంది. చదరపు మీటరుకు పట్టే లోహం కూడా ఎనిమిదో వంతుకు తగ్గుతుంది! బరువైన వెల్డ్ మెష్ చూస్తే గట్టి రక్షణ అనిపిస్తుంది, దోమతెరలాంటి పల్చటి మెష్ చూస్తే నమ్మకం కలగదు. తరంగం దృష్టిలో వ్యవహారం తలకిందులు.

లోహం ఏదన్నది కూడా ఇక్కడ పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. 0.1 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగ, 10 మి.మీ. ఎడం, 100 మెగాహెర్ట్జ్ తీసుకుంటే తీగ నిరోధం వల్ల వచ్చే వాటా ఒక ఓమ్ లోపు, ఇండక్టెన్స్ వాటా నాలుగు ఓమ్‌ల పైన. రెండూ కలిసే తీరు వల్ల రాగికి బదులు స్టెయిన్‌లెస్ వాడితే పోయేది పావు డీబీ కూడా కాదు. రాగి వాడటానికి అసలు కారణం సోల్డర్ బాగా పట్టడం. అంచులన్నీ చట్రానికి గట్టిగా అతుక్కోవాలంటే అది పెద్ద సుఖం.

ఇక్కడ కొందరు భౌతిక శాస్త్రవేత్త ఫైన్‌మన్ ఉపన్యాసాల పుస్తకాలను ప్రస్తావిస్తారు. రెండో సంపుటంలో సమాంతర తీగల గ్రిడ్ లెక్క ఉంది: తీగల నుంచి ఒక ఎడమంత దూరం వెళ్తే క్షేత్రంలోని హెచ్చుతగ్గులు ఐదు వందో వంతుకు పైగా తగ్గిపోతాయి, రెండు ఎడాల దూరంలో ఇక లేనట్టే. దీన్నిబట్టి మెష్ షీల్డింగ్ ఘాతాంక వేగంతో పెరుగుతుందని చాలామంది అనుకున్నారు. ఆ లెక్క తప్పు కాదు, కానీ అది చెప్పేది తీగకూ తీగకూ మధ్య వచ్చే ఎగుడుదిగుడుల గురించి. వాటితోపాటు లోపలికి సమానంగా పరుచుకునే సగటు క్షేత్రం ఒకటుంటుంది, లీకేజీ అంటే అదే. అది దూరంతో తగ్గదు. 2015లో చాప్‌మన్, హ్యూయిట్, ట్రెఫెథెన్ అనే ముగ్గురు గణితజ్ఞులు ఫారడే పంజరం (ఇలాంటి లోహపు జాలీ పెట్టె) గణితాన్ని మళ్లీ మొదటి నుంచీ చూసి ఇదే తేల్చారు: పంజరం లోపలి క్షేత్రం ఎడానికి అనులోమంగానే తగ్గుతుంది, తీగ లావు ప్రభావం లాగరిథమ్ మేరకే. నిజానికి సమాంతర తీగల గ్రిడ్ లెక్కలో ఆ లాగరిథమ్ 1873 నాటి మాక్స్‌వెల్ గ్రంథంలోనే ఉంది. రేడియో ఇంజనీర్లూ దశాబ్దాలుగా ఇదే వాడుతున్నారు. మధ్యలో పాఠ్యపుస్తకాల వాళ్లే దాన్ని ఎందుకు పక్కన పెట్టారో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఫైన్‌మన్ లెక్కలోంచి మనం తీసుకోవాల్సిన పని సూత్రం వేరే ఉంది. సున్నితమైన సర్క్యూట్‌ను మెష్‌కు ఆనించి పెట్టకండి. కనీసం ఒక గడి దూరం, వీలైతే రెండు గడుల దూరం వదిలితే సందుల దగ్గరి ఎగుడుదిగుడు క్షేత్రాల బెడద వదులుతుంది. మీ 12 మి.మీ. మెష్‌లో బోర్డు గోడకు 5 మి.మీ. దూరంలో ఉంటే నేను పైన చెప్పిన డీబీ అంకెలేవీ దానికి వర్తించవు.

ఒకే దిశలో తీగలు కడితే? మీరు అడగలేదు గానీ, మెష్ బదులు సమాంతర తీగలు లాగేవాళ్లు ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. అప్పుడు తీగల వెంబడి విద్యుత్ క్షేత్రం ఉన్న తరంగమే ఆగుతుంది, అడ్డంగా ఉన్నది దాదాపు చెక్కు చెదరకుండా వెళ్లిపోతుంది. నిలువు ఊచల్లోంచి నిలువు తరంగం దూరిపోతుందని తాడు ఊపి చూపించే బొమ్మ పుస్తకాల్లో ఉంటుంది. రేడియో తరంగానికి అది సరిగ్గా తిరగేసిన బొమ్మ. 1888లో హెర్ట్జ్ ఈ ప్రయోగం చేసి చూపించాడు: 2 మీటర్ల చట్రం, 1 మి.మీ. రాగి తీగలు, 3 సెం.మీ. ఎడం. ఆయన తరంగదైర్ఘ్యం 66 సెం.మీ. దగ్గర. తీగలు ప్రసారిణికి సమాంతరంగా ఉన్నప్పుడు అవతల స్పార్కులు ఆగిపోయాయి, చట్రాన్ని 90 డిగ్రీలు తిప్పగానే మళ్లీ వచ్చాయి. గదిలో వైఫై గోడలకు తగిలి అన్ని దిశల్లోనూ తిరుగుతుంటుంది కాబట్టి మనకు రెండు దిశల తీగలూ కావాలి.

రెండు దిశల తీగలు కలిసే చోట లోహం లోహానికి తగలాలి. వెల్డ్ మెష్‌లో ఈ గొడవ లేదు. అల్లిన మెష్‌లో మాత్రం కొన్నాళ్లకు తీగల మీద ఆక్సైడ్ పేరుకుని కూడళ్లు ఒట్టి ఆనుడుగా మిగులుతాయి. తరంగం ఏటవాలుగా వచ్చినప్పుడు కరెంటు ఒక తీగ నుంచి మరో తీగకు మారాలి, కూడలి తెగితే ఆ దారి పోతుంది. పైగా తుప్పు కూడళ్లు డయోడ్‌లా పనిచేసి, దగ్గర్లో బలమైన ట్రాన్స్‌మిటర్ ఉంటే కొత్త ఫ్రీక్వెన్సీలు పుట్టిస్తాయి కూడా. టిన్ పూసిన రాగి మెష్ దొరికితే అది తీసుకోండి.

మెష్‌ను ఎలా ఎంచుకుంటారో చూడాలంటే నాకు నచ్చిన ఉదాహరణ రేడియో టెలిస్కోపులు. అక్కడ మెష్ పని ఆపడం కాదు, అద్దంలా తిప్పి పంపడం. లెక్క మాత్రం ఒకటే. పుణె దగ్గర ఉన్న జీఎమ్‌ఆర్‌టీలో 45 మీటర్ల డిష్‌లు 30 ఉన్నాయి. వాటి ఉపరితలం 0.55 మి.మీ. స్టెయిన్‌లెస్ తీగల మెష్. మధ్య భాగంలో గడి 10 మి.మీ., ఆ తర్వాత 15, అంచుల్లో 20. 21 సెం.మీ. తరంగానికి నేను పై సూత్రంతో వేస్తే 10 మి.మీ. గడిలోంచి శక్తిలో 3 శాతం లోపే జారిపోతుంది, 20 మి.మీ. గడిలోంచి 18 శాతం దాకా. మీటరుకు దగ్గరగా ఉండే 327 మెగాహెర్ట్జ్ తరంగానికైతే ఆ పెద్ద గడిలోంచీ పోయేది 1 శాతమే. డిష్ అంచు మీదికి రిసీవరు చూపు ఎలాగూ పల్చగా పడుతుంది కాబట్టి అక్కడ గడి పెద్దదైనా నష్టం తక్కువ. మెష్ పల్చబడితే గాలి ఒత్తిడి తగ్గుతుంది, కింది ఉక్కు బరువు తగ్గుతుంది. ఎన్ని డీబీ కావాలో ముందు తేల్చుకుని గడిని ఎంచుకోవడం అంటే ఇది. పోర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపు కథ దీనికి రెండో వైపు: 1963లో తీగల మెష్‌తో మొదలైంది. పై ఫ్రీక్వెన్సీలకు వెళ్లాలనుకున్నప్పుడు 1974లో దాన్ని తీసేసి చిన్న చిల్లులున్న 38,778 అల్యూమినియం పలకలు వేశారు.

మైక్రోవేవ్ ఓవెన్ గురించి కూడా ఎవరో ఒకరు అడుగుతారు. దాని తలుపు జాలీలో చిల్లులు 1–2 మి.మీ. పైగా అది తీగ కాదు, కొంత మందం ఉన్న రేకు. ప్రతి చిల్లూ ఒక చిన్న గొట్టంలా పనిచేస్తుంది కాబట్టి అదే సైజు తీగ మెష్ కంటే బాగా ఆపుతుంది. తలుపు చుట్టూ సందులో కిలోవాటు ఆగడానికి తరంగదైర్ఘ్యంలో పావు వంతు, అంటే 3 సెం.మీ. లోతున్న గాడి ఒకటి ఉంటుంది. అది 2.45 గిగాహెర్ట్జ్‌కే కుదిర్చిన గాడి. ఓవెన్‌లో ఫోన్ పెట్టి రింగ్ చేస్తే మోగింది కాబట్టి ఓవెన్ లీకవుతోందనే వీడియోలు నమ్మకండి. ఫోన్ వేరే ఫ్రీక్వెన్సీల్లో పనిచేస్తుంది. −60 డీబీఎమ్ సిగ్నల్‌ను 45 డీబీ తగ్గించినా −105 దగ్గర అది ఇంకా టవర్‌ను వినగలదు. వంట శక్తిని భద్రంగా ఆపడం వేరు, ఫోన్‌ను చెవిటిది చేయడం వేరు.

ఇప్పుడు 50 హెర్ట్జ్ హమ్. ఇందులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి విద్యుత్ క్షేత్రం: దగ్గర్లోని మెయిన్స్ వైర్లు మీ హై ఇంపెడెన్స్ ఇన్‌పుట్ (చాలా కొద్ది కరెంటే తీసుకునే ఇన్‌పుట్) మీద కెపాసిటెన్స్ ద్వారా ఎక్కించే వోల్టేజి. దీన్ని మీ ముతక మెష్ కూడా చక్కగా ఆపుతుంది, అయితే మెష్‌ను యాంప్లిఫయర్ కామన్‌కు (సర్క్యూట్‌లో సున్నా వోల్టుగా తీసుకునే వైరుకు) కలపాలి. కలపకపోతే మెష్ తానే 50 హెర్ట్జ్ వోల్టేజితో ఊగుతూ దాన్ని లోపలికి అందిస్తుంది. ఫారడే 1836లో 12 అడుగుల ఘనం కట్టి, దాన్ని యంత్రంతో చార్జ్ చేయించి, బయట మెరుపులు ఎగురుతుంటే లోపల కూర్చుని ఎలక్ట్రోమీటర్లతో వెతికినా ఏమీ కనబడలేదని రాశాడు. ఆయన చూసింది ఈ విద్యుత్ క్షేత్రం కథే.

రెండోది అయస్కాంత క్షేత్రం, ట్రాన్స్‌ఫార్మర్లూ మోటార్ల నుంచి వచ్చేది. దీన్ని రద్దు చేయాలంటే మెష్‌లో గుండ్రంగా కరెంటు తిరగాలి, ఆ కరెంటును నిరోధం అడ్డుకుంటుంది. ఒక మీటరు వ్యాసంతో 1 మి.మీ. రాగి తీగ చుట్ట తీసుకుంటే నిరోధం 0.067 ఓమ్, ఇండక్టెన్స్ 4.4 మైక్రోహెన్రీ. ఈ రెండూ సమానమయ్యేది సుమారు 2.4 కిలోహెర్ట్జ్ దగ్గర. అంతకు బాగా పైన చుట్ట క్షేత్రాన్ని ఎదిరిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర దాని ఎదిరింపు 2 శాతం, అంటే లేనట్టే. రాగి రేకు వేసినా 50 హెర్ట్జ్‌కి స్కిన్ డెప్త్ (క్షేత్రం లోహంలోకి చొచ్చుకుపోయే లోతు) 9 మి.మీ. పైన కాబట్టి పల్చటి రేకు పెద్దగా తేడా చేయదు. దీనికి చేయాల్సినవి: ఇన్‌పుట్ వైర్లు పురి తిప్పి లూప్ వైశాల్యం తగ్గించడం, ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరం జరపడం. దూరం రెట్టింపైతే దాని క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, ఇంతకంటే చవకైన షీల్డ్ లేదు. అప్పటికీ చాలకపోతే ఇన్‌పుట్ భాగానికి మాత్రం మ్యూమెటల్ (అయస్కాంత క్షేత్రాన్ని తనలోకి లాక్కునే మిశ్రమ లోహం) డబ్బా.

ఏది ఏ జబ్బో తెలుసుకోవడానికి ఇన్‌పుట్ వైర్ల లూప్‌ను చేత్తో తిప్పి చూడండి. కోణం మారేకొద్దీ హమ్ పెరిగి తరిగితే అయస్కాంతం. చెయ్యి దగ్గరకు తెస్తేనే మారితే విద్యుత్ క్షేత్రం.

ఎర్త్. బయటి తరంగాన్ని ఆపే కరెంటులు మెష్‌లోనే తిరుగుతాయి, అవి భూమిలోకి వెళ్లనక్కర్లేదు. విమానానికి ఎర్త్ ఎక్కడుంది? 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరు పొడవు ఎర్త్ వైరు ఎనిమిది తరంగాల పొడవు. దాన్ని ఎర్త్ అనడం కంటే యాంటెన్నా అనడం నయం. లోపల మెయిన్స్ పరికరాలు ఉంటే మనుషుల భద్రత కోసం ఎర్త్ తప్పనిసరి, అందులో రాజీ లేదు. లోపలున్న చార్జి ప్రభావం బయటికి రాకూడదంటే కూడా కావాలి. వైఫై ఆగడానికి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి.

నా అనుభవంలో అసలు లీకేజీ మెష్‌లో ఉండదు. ట్రాన్స్‌మిటర్ మాడ్యూళ్లు పరీక్షించే పెట్టెలతో నాకు రోజూ పని. "మెష్ సరిగ్గా ఆపట్లేదు" అని వచ్చినవాటిలో ఎక్కువసార్లు దొరికేది తలుపు చట్రం మీద రంగు. చూడ్డానికి తలుపు బిగుతుగానే పడుతుంది, లోహం లోహానికి మాత్రం తగలదు. అలా మీ మీటరు తలుపు ఒక అంచున 30 సెం.మీ. మేర తగలకపోతే అది 30 సెం.మీ. సందు. దాని వెడల్పు వెంట్రుకంత అయినా సరే, 500 మెగాహెర్ట్జ్ దగ్గర అది చక్కటి యాంటెన్నా. సందు వెడల్పు కాదు, పొడవు లెక్క. అంచుల రంగు గీకి, చుట్టూ స్ప్రింగ్ ఫింగర్ పట్టీ గానీ, అల్లిన లోహపు గాస్కెట్ గానీ వేయండి. మెష్‌ను చట్రానికి మూలల్లో మాత్రమే స్క్రూలతో బిగించి వదిలేసినా ఇదే కథ. అంచు పొడవునా పట్టీ వేసి బిగించాలి, లేదా సోల్డర్ చేయాలి.

కేబుళ్లు ఇంకా ఘోరం. గడిలోంచి ఒక్క వైరు లోపలికి దూర్చారంటే బయట అది యాంటెన్నా, లోపల కూడా యాంటెన్నా. 100 డీబీ గది అయినా ఆ ఒక్క వైరుతో ఉత్త గదైపోతుంది. సిగ్నల్ కేబుల్ అయితే గోడకు బిగించిన బల్క్‌హెడ్ కనెక్టర్ ద్వారా, దాని జడ (లోపలి వైరు మీద అల్లిన లోహపు తొడుగు) చుట్టూ 360 డిగ్రీలూ గోడకు తగిలేలా తేవాలి. జడను పిలకలా పురి తిప్పి ఒక స్క్రూకి కట్టడం పనికిరాదు. పవర్ అయితే ఫీడ్‌త్రూ ఫిల్టర్, లేదా లోపల బ్యాటరీ. డేటా అయితే ఫైబర్. లోహం లేని ఫైబర్‌ను సన్న లోహపు గొట్టంలోంచి పంపండి. తన కటాఫ్‌కు (గొట్టంలో తరంగం సాగగల కనీస ఫ్రీక్వెన్సీకి) బాగా కింది ఫ్రీక్వెన్సీల్లో గుండ్రటి గొట్టం ప్రతి వ్యాసమంత పొడవుకూ సుమారు 32 డీబీ తగ్గిస్తుంది. 6 మి.మీ. రంధ్రం, 24 మి.మీ. పొడవు ఉంటే లెక్క 120 డీబీ దాటిపోతుంది. ఘాతాంక తగ్గుదల కావాలంటే ఇలా లోతు ఉండాలి. ఒక పొర తీగలకు లోతు లేదు కాబట్టే అది రాదు. షీల్డ్ గదుల గాలి కిటికీలకు తేనెపట్టు గొట్టాలు వాడేది ఇందుకే. అయితే ఆ గొట్టంలోకి రాగి వైరు దూరిస్తే అది కోయాక్సియల్ కేబుల్ అయిపోతుంది, కటాఫ్ అనేదే ఉండదు.

మీకు 33 డీబీ చాలకపోతే రెండు పొరలు వేయవచ్చు, కానీ ఎడం చూసుకోవాలి. రెండు పొరల మధ్య దూరం తరంగదైర్ఘ్యంలో సగం దగ్గరకు వస్తే ఆ ఫ్రీక్వెన్సీలో రెండు అద్దాల మధ్య రెజొనెన్స్ (అటూ ఇటూ కొట్టుకునే తరంగాలు ఒకదానికొకటి తోడై బలపడటం) వచ్చి తరంగం సునాయాసంగా దాటిపోతుంది. పావు వంతు దూరం మంచిది కదా అని 2.45 గిగాహెర్ట్జ్‌కి 3 సెం.మీ. పెడితే, 5 గిగాహెర్ట్జ్‌కి అది సరిగ్గా సగం! వైఫై రెండో బ్యాండ్‌కు తలుపు తీసినట్టే. 1.5 సెం.మీ. పెట్టండి, రెండు బ్యాండ్లకూ కుదురుతుంది. పొరలు రెండూ ఆనించేస్తే ఒక పొర కిందే లెక్క. అసలు 60 డీబీ పైన కావాలంటే మెష్ మానేసి రేకు వేయడం తేలిక. లోపల కనబడాలి, గాలి ఆడాలి, బరువు తగ్గాలి అన్నప్పుడే మెష్.

ఇంకో మాట, మీటరు ఘనం పెట్టెకు సొంత రెజొనెన్స్ సుమారు 212 మెగాహెర్ట్జ్ దగ్గర మొదలవుతుంది. ఆ ఫ్రీక్వెన్సీల్లో లోపలికి జారిన కాస్త శక్తీ గోడల మధ్య కొట్టుకుని పోగుపడుతుంది, కొన్ని చోట్ల షీల్డింగ్ లెక్క కంటే తక్కువ కనిపిస్తుంది. మైక్రోవేవ్ అబ్జార్బర్ ఫోమ్ ముక్క ఒకటి లోపల పెడితే చాలావరకు సర్దుకుంటుంది.

కాబట్టి ముందు మెష్ కొనకండి. బ్యాటరీతో నడిచే చిన్న ట్రాన్స్‌మిటర్‌ను పంజరం లోపల పెట్టి, కేబుళ్లన్నీ పీకేసి, తలుపు వేసి, బయట రిసీవరును మూలల వెంబడి, తలుపు చుట్టూ, గోడల మధ్యలో తిప్పండి. అంచుల దగ్గర సిగ్నల్ గోడ మధ్య కంటే ఎక్కువుంటే తలుపు పని చూడండి. అంతటా సమానంగా 15 డీబీ దగ్గరే ఉంటే మెష్ పరిమితి అది, 1.5 మి.మీ. గడికి మారండి. ఆ తర్వాత కేబుళ్లు ఒక్కొక్కటిగా పెడుతూ ప్రతిసారీ అదే చోట కొలవండి. ఏ కేబుల్ పెట్టగానే అంకె ఎగబాకిందో ఫిల్టర్ దానికి వేయాలి.